మన బియ్యం సంచి మీద లేని మాట

ముందే చెప్పేస్తాను, నేను డాక్టరుని కాను. పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ఎం.ఎస్. చేయడానికి మిడ్‌వెస్ట్‌కి వచ్చి, ఉద్యోగం కోసం అందరిలాగే కాలిఫోర్నియా చేరుకున్నవాణ్ణి. విటమిన్ల గురించి ఇతను రాయడమేమిటని మీకు అనిపిస్తే తప్పులేదు. మూడేళ్ళ క్రితం వరకు ఫోలిక్ యాసిడ్ అంటే గర్భిణీలకు డాక్టర్లు రాసే ఏదో మాత్ర అన్నంత వరకే నాకూ తెలుసు.

మా రాష్ట్రంలో ఈ మధ్య ఒక కొత్త చట్టం వచ్చింది. టోర్టియాలు చేసుకునే మొక్కజొన్న పిండి, అంటే మాసాలో, పౌనుకు 0.7 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలిపి తీరాలి. గవర్నరు 2024 సెప్టెంబరులో సంతకం చేశారు, 2026 జనవరి 1 నుంచి అమలు. పార్కింగ్ టికెట్ల దగ్గర నుంచి వీసా బులెటిన్ దాకా అన్నిటి మీదా వందల మెసేజీలు నడిచే మన వాట్సాప్ గ్రూపుల్లో దీని గురించి ఒక్క మాట కూడా నేను చూడలేదు. టోర్టియాలతో మనకేం పని అనుకున్నామేమో. కానీ ఆ చట్టం వెనక ఉన్న కథలో టోర్టియా తీసేసి మన అన్నం, చపాతీ పెట్టి చూడండి. అది అచ్చంగా మన కథే.

ఈ కథ నాకెలా తెలిసిందో చెప్పకుండా ముందుకు వెళ్ళడం నిజాయితీ అనిపించుకోదు.

మూడేళ్ళ క్రితం, నా భార్యకు ఇరవయ్యో వారం స్కానింగ్. అబ్బాయా అమ్మాయా అని మేమిద్దరం పందెం వేసుకుని వెళ్ళాం. కబుర్లు చెబుతూ స్కాన్ చేస్తున్న టెక్నీషియన్ ఉన్నట్టుండి మాటలు ఆపేసింది. ఒకే చోట అయిదారుసార్లు కొలతలు తీసి, డాక్టరుని పిలుస్తానని బయటికి వెళ్ళింది. బిడ్డ వెన్నెముక కింది భాగం మూసుకోలేదు. స్పైనా బిఫిడా అన్నారు. మెదడులో నీరు కూడా చేరింది. తర్వాతి రెండు వారాల గురించి రాయలేను. ఆ బిడ్డ మాకు దక్కలేదు.

ఆ తర్వాత జెనెటిక్ కౌన్సిలర్ దగ్గరికి పంపారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఫోలిక్ యాసిడ్ ఎప్పటి నుంచి వేసుకుంటున్నారు అని. ఏడో వారం నుంచి, మొదటి అపాయింట్‌మెంటులో డాక్టరు రాసిన రోజు నుంచే, ఒక్క పూట కూడా మానకుండా అని మా ఆవిడ కొంచెం గర్వంగానే చెప్పింది. ఆవిడ తల దించుకుని రాసుకుంది.

ఇక్కడ లెక్క చూడండి. డాక్టర్లు వారాలు లెక్కపెట్టేది ఆఖరి నెలసరి నుంచి. కాబట్టి ఏడో వారం అంటే గర్భం నిలిచి అప్పటికి అయిదు వారాలు, అంటే 35 రోజులు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం (న్యూరల్ ట్యూబ్) మూసుకోవడం గర్భం నిలిచిన 28 రోజులలోపే అయిపోతుంది. మేం మొదటి మాత్ర వేసే సరికే ఆ పని ముగిసిపోయింది. మా భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయిన తర్వాత టెస్టింగ్ మొదలుపెట్టాం.

దీనికి ఫోలిక్ యాసిడ్ లోపమే కారణమని ఆ కౌన్సిలర్ అనలేదు. ఒక్క కేసు చూసి ఎవరూ అలా చెప్పలేరని స్పష్టంగానే చెప్పింది. జన్యువులు ఉంటాయి, అదుపులో లేని షుగరు ఉంటుంది, వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మూర్ఛ మందులు ఉంటాయి. కానీ ఆవిడ తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. మీరు రోజూ ఏం తింటారు? ఇడ్లీ, ఉప్మా, అన్నం, పప్పు, కూర, రాత్రి చపాతీ. బ్రెడ్డు? అలవాటు లేదు. పాలలో వేసుకునే సీరియల్? తీపి ఎక్కువని మానేశాం. పాస్తా? ఎప్పుడో ఒకసారి. ఆ జవాబులకి ఆవిడ ఎందుకు తల ఆడించిందో ఇంటికొచ్చి చదివాక గానీ అర్థం కాలేదు.

అమెరికా ప్రభుత్వం 1998 జనవరి 1 నుంచి ఒక నియమం పెట్టింది. 'ఎన్‌రిచ్డ్' అని రాసి అమ్మే తెల్ల గోధుమపిండి, బ్రెడ్డు, పాస్తా, బియ్యం లాంటి వాటిలో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలపాలి. నూరు గ్రాములకు 140 మైక్రోగ్రాములు. దీని వెనక గట్టి సాక్ష్యం ఉంది. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో జరిపిన ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. అంతకు ముందు ఇలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లులకు తర్వాతి గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, అదే లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. వైద్యంలో ఇంత చవకైన మందుకి ఇంత పెద్ద ఫలితం రావడం అరుదు. 1992లో అమెరికా ప్రజారోగ్య శాఖ, గర్భం దాల్చే వయసులో ఉన్న ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని సలహా ఇచ్చింది. కానీ సలహా ఇస్తే ఎంతమంది పాటిస్తారు? ఈ దేశంలో దాదాపు సగం గర్భాలు ముందుగా అనుకున్నవి కావు. అందుకే మాత్ర కోసం ఎదురు చూడకుండా రోజూ తినే బ్రెడ్డులోనే పెట్టేశారు. దాని వల్ల ఏటా సుమారు 1,300 మంది పిల్లలు ఈ లోపం లేకుండా పుడుతున్నారని సీడీసీ అంచనా.

ఇంత మంచి పథకంలో ఒక కంత మిగిలింది. అది బ్రెడ్డు తినేవాళ్ళని మనసులో పెట్టుకుని వేసిన పథకం. మెక్సికో నుంచి, మధ్య అమెరికా నుంచి వచ్చిన కుటుంబాల్లో రోజువారీ తిండి మొక్కజొన్న టోర్టియా. మాసా ఆ జాబితాలో లేదు. ఈ దేశంలో న్యూరల్ ట్యూబ్ లోపాలు ఎక్కువగా కనిపించేది హిస్పానిక్ తల్లులకు పుట్టే పిల్లల్లోనే అని ఏళ్ళ తరబడి లెక్కలు చెబుతూ వచ్చాయి. 2016లో ఎఫ్‌డీఏ, కావాలంటే మాసాలో కలుపుకోవచ్చని కంపెనీలకు అనుమతి ఇచ్చింది. 'కావాలంటే' అన్నప్పుడు ఏమవుతుందో మనకు తెలియనిదా! కలిపిన కంపెనీలు చాలా కొద్ది. అందుకే శాసనసభ్యుడు, స్వయంగా డాక్టరు అయిన హువాకిన్ అరాంబులా కాలిఫోర్నియాలో బిల్లు తెచ్చారు. దాన్ని వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు. మా తిండిలో మందు కలపడానికి మీరెవరు అన్న ప్రశ్నని తేలిగ్గా తీసేయకూడదు. కానీ 1998 నుంచి పిజ్జాలో, బర్గర్ బన్నులో, డోనట్‌లో అదే మందు ఈ దేశం అంతా తింటూనే ఉంది. ఒక్క టోర్టియా దగ్గరికి వచ్చేసరికే అది ప్రమాదం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

సరే, ఇప్పుడు మన వంటింట్లోకి వెళ్దాం. ఆ రోజు రాత్రి నేను మా సామాన్ల గది తెరిచి ప్రతి సంచి మీదా ఉన్న అక్షరాలు చదివాను. సోనా మసూరి సంచి మీద పదార్థాల జాబితాలో ఉన్నది ఒకే ఒక్క మాట, బియ్యం. ఎన్‌రిచ్డ్ అన్న మాట లేదు. ఆ మాట రాయకుండా అమ్మితే ఏమీ కలపనక్కర్లేదు. ఒకవేళ అమెరికన్ స్టోర్లో ఎన్‌రిచ్డ్ బియ్యమే కొన్నామనుకోండి, కడగకుండా వండమని ఆ సంచి మీదే రాసి ఉంటుంది. పైన పొడిలా పట్టించిన విటమిన్లు నీళ్ళతో పోతాయి. మూడుసార్లు కడగని బియ్యం ఎసట్లో పోసే తెలుగువాడు ఎవరండీ? మా అమ్మ వింటే ఆ అన్నం ముట్టుకోదు.

తర్వాత చపాతీ పిండి. సంపూర్ణ గోధుమ పిండి, అంటే హోల్ వీట్. ఆరోగ్యం కోసం మైదా మానేసి ఇది తినండని అందరూ చెబుతారు, మేమూ అందుకే మారాం. తంతు ఏమిటంటే, తప్పనిసరి నియమం ఎన్‌రిచ్డ్ పిండికే గాని హోల్ వీట్‌కి లేదు. తెల్లపిండి మర పట్టేటప్పుడు పోయినవి తిరిగి కలపడం అన్న పాత ఆలోచన నుంచి పుట్టిన పద్ధతి అది. హోల్ వీట్‌లో ఏమీ పోలేదు కాబట్టి కలపనక్కర్లేదన్నారు. కానీ అందులో సహజంగా ఉండే ఫోలేట్ నూరు గ్రాములకు 40 మైక్రోగ్రాముల చిల్లరే. పీచు విషయంలో చపాతీ గెలిచింది, ఈ ఒక్క విషయంలో మాత్రం పక్కింటివాళ్ళ తెల్ల బ్రెడ్డు గెలిచింది. ఇక ఇండియా నుంచి వచ్చే బొంబాయి రవ్వ, ఇడ్లీ రవ్వ సంచుల మీదా అదే వరస.

ఇంగ్లండులో ఉన్న మన మిత్రులకు కూడా ఇది పనికొస్తుంది. అక్కడి ప్రభుత్వం చాలా ఏళ్ళు తటపటాయించి 2021లో సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2024 నవంబరులో నిబంధనలు తెచ్చింది. నూరు గ్రాముల పిండికి 250 మైక్రోగ్రాములు, మిల్లులకు గడువు 2026 చివర. అక్కడా హోల్‌మీల్ పిండికి మినహాయింపు ఉంది. బియ్యం ఊసే లేదు.

విచిత్రం ఏమిటంటే మన ఊళ్ళలో రేషను బియ్యం తినేవాళ్ళ కోసం ప్రభుత్వం ఈ సంగతి ఆలోచించింది. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ప్రకటించిన పథకంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన బియ్యం గింజలు చేసి, మామూలు బియ్యంలో నూటికొకటి చొప్పున కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రమాణాల ప్రకారం కిలోకి ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు. ఆ గింజలు నీళ్ళలో తేలుతుంటే చూసి ప్లాస్టిక్ బియ్యం కలిపేస్తున్నారని గోల చేశారు మనవాళ్ళు. వీడియోలు ఇక్కడి దాకా వచ్చాయి. ఏరి పారేసినవాళ్ళు ఎంతమందో! అసలు కలపడం సరైనదా కాదా అని నిపుణుల్లో వాదన ఉంది, అది వేరే వ్యాసం. నేననేది, సన్నబియ్యం కొనుక్కుని తినే మన వైపు ఎవరూ చూడలేదని.

మరి మన పప్పు, ఆకుకూరలు చాలవా అని అమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. ఫోలేట్ అన్న పేరే ఆకు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని వేరు చేసినవాళ్ళు పెట్టిన పేరు. ఉడికించిన పాలకూర అరకప్పులో 131 మైక్రోగ్రాములు ఉంటుంది. శనగలు, పెసలు, బొబ్బర్లు, కందిపప్పు అన్నీ మంచివే. మన తాతమ్మల భోజనంలో ఇవి రోజూ ఉండేవి. కానీ సహజ ఫోలేట్ వేడికి, నీళ్ళకి నిలవదు. ఆకుకూర ఉడికించి నీళ్ళు వార్చేస్తే చాలావరకు అందులోనే పోతుంది. పైగా మన వారం రోజుల తిండి నిజాయితీగా రాసుకుని చూడండి. పెరుగన్నం, ఫ్రోజెన్ పరోటా, ఆఫీసు కెఫెటేరియా సలాడ్, రాత్రి పదింటికి మ్యాగీ. నేను రాసుకుని చూశాను, వారంలో ఆకుకూర ఒక్కసారి కనిపించింది. అందుకే డాక్టర్లు అడిగేది మంచి తిండితో పాటు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, దానికి బదులుగా కాదు.

ఆ సీసా మీద లెక్క కూడా ఒకసారి చూసుకోండి. ఇప్పుడు అమెరికా లేబుళ్ళ మీద ఫోలేట్‌ని 'డీఎఫ్ఈ' అనే కొలతలో రాస్తున్నారు. 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఆ కొలతలో 667 అవుతుంది. పెద్ద అంకె చూసి ఎక్కువైపోయిందని మా ఆవిడ ఒక సీసా వెనక్కి పెట్టేసింది. బ్రాకెట్లో ఉండే ఫోలిక్ యాసిడ్ అంకె చూడాలి.

మాకు రెండోసారి ప్రయత్నించే ముందు డాక్టరుగారు పదిరెట్ల మోతాదు, రోజుకు 4 మిల్లీగ్రాములు రాశారు. ఇది ముందు అలాంటి గర్భం ఉన్నవాళ్ళకి మాత్రమే, డాక్టరు చెబితేనే. దానికంటే ముందు బి12 పరీక్ష చేయించమన్నారు. మా ఆవిడ పుట్టుక నుంచి శాకాహారి. రిపోర్టులో 168 అని వచ్చింది. 200 కంటే తక్కువైతే లోపం కింద లెక్క. అరికాళ్ళలో సూదులు గుచ్చినట్టుందని ఏడాదిగా అంటుంటే నేను చెప్పులు మార్చమన్నాను!

ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ కలిసి పనిచేసే జోడెద్దులు. రెండింటిలో ఏది తక్కువైనా ఒకే రకం రక్తహీనత వస్తుంది. బి12 తక్కువగా ఉన్నవాళ్ళకి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే రక్తం కుదుటపడుతుంది, రిపోర్టు బాగుంటుంది, కానీ లోపల నరాలు దెబ్బతినడం ఆగదు. ఎర్రర్ మెసేజీని దాచేస్తే ప్రోగ్రాం బాగుపడదు కదా. పెద్దలకు మాత్రల ద్వారా రోజుకు 1,000 మైక్రోగ్రాములు దాటవద్దన్న పరిమితి అందుకే వచ్చింది. బి12 సహజంగా ఉండేది మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగుల్లోనే. ఆకుల్లో లేదు, పప్పుల్లో లేదు. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళలో కూడా బి12 తగ్గుతుంది. శాకాహారం, మెట్‌ఫార్మిన్ రెండూ ఉన్న ఇళ్ళు మన అసోసియేషన్లో ఎన్నో నేను చెప్పక్కర్లేదు. ఆరు నెలలు ఉండి వెళ్ళడానికి వచ్చే అమ్మానాన్నల్లో అయితే మరీను. మతిమరుపు, తిమ్మిర్లు వయసు వల్ల అనుకునే ముందు ఈ ఒక్క పరీక్ష చేయించండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను ఇంజనీరింగ్ చదివింది భీమవరంలో. నాలుగేళ్ళూ ఆ ఊళ్ళోనే తిరిగాను. ఫోలిక్ యాసిడ్‌ని మొదటిసారి ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు ఆ ఊళ్ళోనే పుట్టాడని నాకు అప్పుడు తెలియదు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనా దాని బారిన పడి బతికారు. 1923లో బోస్టన్ వచ్చారు, 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారీ సాధించింది. తన అన్నదమ్ముల్ని తీసుకుపోయిన ఆ స్ప్రూకి చివరికి అదే మందయింది. ఆయన సాధించినదే ఇవాళ ఈ దేశపు ప్రతి బ్రెడ్డు ముక్కలో ఉంది, మన సోనా మసూరిలో తప్ప.

అదే బృందం ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందుల్ని కూడా చేసింది. అవే క్యాన్సర్ చికిత్సకి దారి తీశాయి, మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే. ఆ మెథోట్రెక్సేట్ విషప్రభావం తగ్గించడానికి చాలాకాలంగా వాడే మందు ల్యూకోవోరిన్. ఆ పేరు ఇప్పుడు మీరు వినే ఉంటారు. 2025 సెప్టెంబరు 22న వైట్‌హౌస్‌లో ఆటిజం గురించి మాట్లాడుతూ దీని పేరు చెప్పిన దగ్గర నుంచి మన తల్లిదండ్రుల గ్రూపుల్లో ఇదే చర్చ. మెదడుకి ఫోలేట్ సరిగా అందని ఒక అరుదైన పరిస్థితికి దీన్ని ఆమోదించే దిశగా ఎఫ్‌డీఏ అడుగు వేసింది. ఆటిజం ఉన్న పిల్లలపై జరిగినవి చిన్న ప్రయోగాలు, ఒక ముఖ్యమైన దానిలో ఉన్నది 48 మంది పిల్లలే. ఆశపడే తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కానీ ఆ చర్చలోంచి ఒక వంకర మాట పుట్టింది, ఫోలిక్ యాసిడ్ మానేసి 'మిథైల్' రకం వేసుకోవాలని, లేకపోతే బిడ్డకి ముప్పని. ఎంటీహెచ్ఎఫ్ఆర్ జన్యువులో తేడా ఉన్నవాళ్ళకి కూడా ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుందని, న్యూరల్ ట్యూబ్ లోపాలు తగ్గిస్తుందని రుజువైన రూపం అదొక్కటేనని సీడీసీ చెబుతోంది. ఏ గ్రూపులో ఎవరు ఏం ఫార్వర్డ్ చేసినా ముందు మీ డాక్టరుని అడగండి.

మన దగ్గర అసలు చిక్కు మరొకటి. మూడో నెల దాటే వరకు ఎవరికీ చెప్పకూడదంటారు పెద్దవాళ్ళు. దిష్టి అనండి, జాగ్రత్త అనండి. చెప్పాకే సలహాలు మొదలవుతాయి, కుంకుమపువ్వు పాలు, కొబ్బరినీళ్ళు, బొప్పాయి వద్దు. అప్పటికి ఫోలిక్ యాసిడ్ పని చేయాల్సిన రోజులు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. ముందే చెప్పాలంటే ఎవరు చెబుతారు? పెళ్ళికాని పిల్లకి చెబితే తల్లి చిన్నబుచ్చుకుంటుంది. పెళ్ళైన పిల్లకి చెబితే ఆరా తీస్తున్నట్టుంటుంది.

కాలిఫోర్నియాలో టోర్టియా కోసం ఆ సమాజంవాళ్ళు, డాక్టర్లు కలిసి అడిగారు, సాధించారు. సోనా మసూరి సంచి కోసం ఏ శాసనసభ్యుడూ బిల్లు పెట్టడు. దిగుమతి చేసి అమ్మేవాళ్ళని మనమే అడగవచ్చు, ఫోలిక్ యాసిడ్ కలిపిన పిండి ఒక్క రకమైనా పెట్టమని. మన సంఘం ఏటా ఉగాదికి నడిపే ఉచిత ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూస్తారు. బి12 కూడా చేర్చమని, అక్కడ కూర్చునే లేడీ డాక్టర్లు కొత్త దంపతులతో ఒక్క అయిదు నిమిషాలు ఈ మాట మాట్లాడాలని కార్యవర్గానికి ఉత్తరం రాశాను. ఖర్చు ఎక్కువవుతుందని ఒకరు, ఇది కల్చరల్ ప్రోగ్రాం కదా అని ఇంకొకరు అన్నారు. చూద్దాం.

పోయిన నెల మా పిన్ని కూతురికి పెళ్ళి కుదిరింది. డాలస్‌లో ఉద్యోగం చేస్తోంది. చాలాసేపు తటపటాయించి ఫోన్ చేశాను. విషయం ఎత్తగానే, "అన్నయ్యా, నీకేమైనా పిచ్చా, ఇంకా ముహూర్తమే పెట్టలేదు!" అని నవ్వేసింది. నేను మా స్కానింగ్ సంగతి చెప్పాను. తనకు అంతవరకు ఎవరూ చెప్పలేదట, నెలలు నిండక పోయిందనే అనుకుందట. కాసేపు అవతల మాట వినబడలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "ఏ సీసా కొనాలో ఫోటో పంపిస్తావా?"

పంపించాను. మా ఇంట్లో ఆ సీసా ఇప్పటికీ వంటింటి అరలో, ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. పద్నాలుగు నెలల మా పాప దాన్ని గిలక్కాయ అనుకుని ఆడిస్తుంది.